రెండు తాళాలు వేసిన తలుపు

తాళాల పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ తాళం గట్టిది, ఏ రకం ఎన్నాళ్ళు మన్నుతుంది, ఏ పనిముట్లు కొనుక్కోవాలి అని అడుగుతారు. తెలిసినంత చెప్తాను. కానీ ఈ వృత్తిలో అసలు ప్రశ్న అది కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎంత గట్టి తాళానికైనా ఒక తాళంచెవి ఉంటుంది. అది ఎవరి చేతిలో పెట్టాలి అన్నదే అసలు ప్రశ్న. చల్లపల్లి దాటాక ఒక పల్లెలో, అనసూయమ్మ గారనే ఆవిడ ఈ ప్రశ్న దగ్గరే తన ఇల్లు పోగొట్టుకోబోయింది. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను. అక్కడికి వెళ్ళేముందు పని గురించి కొంత చెప్పాలి, లేకపోతే ఆ తలుపు దగ్గర ఏం జరిగిందో అర్థం కాదు.

నేను విజయవాడ వన్‌టౌన్‌లో ఒకే షాపులో పనిచేసి రిటైరయ్యాను. తాళాలు, బీరువాలు, ఇనప్పెట్టెలు అమ్మడం, బిగించడం, మొరాయిస్తే బాగుచేయడం మా పని. సంచీ భుజానికి వేసుకుని బస్సుల్లో కృష్ణా జిల్లా అంతా తిరిగాను.

గుమ్మం

మా ఓనరు కోటేశ్వరరావు గారికి తలుపు గురించి తెలుసుకోకుండా తాళం అమ్మడం ఇష్టం ఉండేది కాదు. కౌంటరు దగ్గర నిలబడి "గట్టి తాళం ఒకటివ్వండి" అన్నవాళ్ళని "ఏ తలుపుకండీ? కర్ర ఏంటి? గుమ్మం ఎప్పటిది?" అని అడిగేవారు. కొందరు విసుక్కుని పక్క షాపుకి పోయేవాళ్ళు.

పామర్రులో ఒక రైసు మిల్లాయన అలాగే విసుక్కుని, ఇంకెక్కడో పెద్ద తాళంకప్ప కొని గోడౌనుకి వేసుకున్నాడు. దొంగలు దాన్ని ముట్టుకోలేదు. గుమ్మంలో దిగ్గొట్టిన కొక్కేన్ని గునపంతో పెకలించారు. చెదలు తిన్న కర్ర మెత్తగా ఊడి వచ్చింది. మేం వెళ్ళేసరికి తాళంకప్ప, కొక్కెం, దాన్ని పట్టుకుని ఉన్న కర్రముక్క నేలమీద పడి ఉన్నాయి. తాళం వేసింది వేసినట్టే ఉంది.

"తాళం మాత్రం చెక్కుచెదర్లేదండీ" అన్నాడాయన, అదన్నా మిగిలిందన్నట్టు.

"అవునండీ. తాళం నెగ్గింది, గుమ్మం ఓడిపోయింది" అన్నారు ఓనరు గారు.

దొంగ తాళం వంక చూడడు. తాళం చుట్టూ ఉన్న కర్రనీ, స్క్రూలనీ, బందులనీ చూస్తాడు. తాళం బిగించేవాడు కూడా ముందు వాటినే చూడాలి. తాళం పడడం లేదని పిలిచిన ఇళ్ళలో చాలావాటికి జబ్బు తాళానిది కాదు. బందు వదులై తలుపు కిందికి జారి ఉంటుంది, లేదా వానలకి కర్ర ఉబ్బి ఉంటుంది. తలుపుని రెండు చేతులతో కొద్దిగా పైకెత్తి చూడండి. ఊగితే ముందు బందులు బిగించండి. తాళం మార్చి డబ్బు తీసుకుంటే నెల తిరక్కుండా మళ్ళీ పిలుస్తారు. అప్పుడు మీ మాట నమ్మరు.

నూనె, నకళ్ళు

మన డెల్టాలో గాలికి తేమ ఎక్కువ. కాలవల పక్క ఇళ్ళలో ఇనుప తాళం రెండు వానాకాలాలు దాటితే గొప్ప. బయటి తలుపుకి ఇత్తడి తాళం వేయమనండి, పైన వానజల్లు పడకుండా రేకు ముక్కైనా కొట్టమనండి. ఇక తాళం బిగుసుకుంటే మనవాళ్ళు చేసే మొదటి పని కొబ్బరి నూనె పోయడం. ఆ పూటకి తిరుగుతుంది. తర్వాత ఆ నూనెలో దుమ్ము చేరి జిగురై లోపలి లీవర్లని అతికిస్తుంది. గ్రాఫైట్ పొడి వేయాలి. దొరక్కపోతే పెన్సిలు ములుకుని నూరి ఊదినా చాలు. ఈ ఒక్క ముక్క నేను చెప్పినన్నిసార్లు ఇంకేదీ చెప్పలేదు. విన్నవాళ్ళు తక్కువ.

తాళంచెవి నకలు చేయించేటప్పుడు ఎప్పుడూ అసలు చెవి నుంచే చేయించాలి. నకలుకి నకలు తీస్తే ప్రతిసారీ కొంచెం తేడా వస్తుంది. ఆ తేడా తాళాన్ని లోపల అరగదీస్తుంది. చెవిని అటూఇటూ కదిపి, బతిమాలితేగానీ తిరగని తాళాన్ని మార్చేయడమే మంచిది. అద్దెకున్నవాళ్ళు మారితే తాళం కూడా మార్చాలి. సత్యనారాయణపురంలో ఒక ఇంటాయన అదెందుకులే అనుకున్నాడు. కొత్తగా దిగినవాళ్ళు ఆఫీసు నుంచి వచ్చేసరికి రోజూ స్నానాలగది తడిగా ఉండేది. ఇంట్లో ఏదో తిరుగుతోందని ఇల్లాలు నిమ్మకాయలు కట్టింది. తీరా చూస్తే పాత అద్దెవాళ్ళాయన. కొత్తింట్లో నీళ్ళు రావడం లేదట. తన దగ్గరున్న చెవితో వచ్చి, స్నానం చేసి, మళ్ళీ జాగ్రత్తగా తాళం వేసి వెళ్తున్నాడు.

"పాత పరిచయమే కదండీ" అన్నాడట పట్టుబడ్డాక.

అందరూ నవ్వారు. తాళం మార్చడానికి నేను వెళ్ళినప్పుడు ఆ ఇల్లాలు మాత్రం నవ్వలేదు. తాను ఒక్కతే ఉన్న మధ్యాహ్నాలు ఆవిడకి గుర్తొస్తున్నాయి.

వేలిముద్ర

ఇప్పుడు వేలిముద్రతో తెరుచుకునే తాళాలు వచ్చాయి. నేను వాటికి వ్యతిరేకిని కాను. చెవి పోయే భయం లేదు. అయితే మంగళగిరిలో నేను చూసిన ఒక ఇంటి సంగతి చెప్పాలి. మగ్గం మీద బతికిన కుటుంబం. కొడుకు ఉద్యోగస్తుడై కొత్త ఇల్లు కట్టి, వీధి తలుపుకి ఖరీదైన తాళం పెట్టించాడు. ఇంట్లో అందరి వేళ్ళూ తీసుకుంది, తండ్రి వేలు తప్ప. నూలు పట్టీ పట్టీ ఆయన వేళ్ళ చివర గీతలు అరిగిపోయాయి. పది వేళ్ళూ పెట్టి చూశాం.

"నేనీ ఇంటివాణ్ణి కాదంటోందిరా ఇది" అన్నాడాయన కొడుకుతో, నవ్వుతూనే.

కొడుకు "నంబరు కూడా ఉంది నాన్నా, నొక్కితే చాలు" అన్నాడు. ఆ నంబరు ఆయనకి గుర్తుండేది కాదు. టీ తాగడానికి బయటికి వెళ్తే, తిరిగొచ్చి కోడలు తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చునేవాడు. తాళం మంచిదే, ఎంపిక మంచిది కాదు. రోజంతా ఇంట్లో ఉండే మనిషిని గుర్తుపట్టని తాళం ఆ ఇంటికి పనికిరాదు. నేను పక్కనే మామూలు చెవి తాళం ఒకటి బిగించి వచ్చాను. ఆయన ఆ చెవిని మొలతాడుకి కట్టుకున్నాడు.

మూసిన ఇళ్ళు

మా షాపుకి వచ్చే బేరాల్లో ఒక రకం గురించి ఎవరూ ముందు చెప్పరు. మనిషి పోయిన ఘడియలో నక్షత్రం మంచిది కాకపోతే ఇల్లు వదిలేయాలంటారు. నక్షత్రాన్ని బట్టి మూడు నెలలో, ఆరు నెలలో. కర్మకాండ అయ్యాక ఇంటిల్లిపాదీ వేరేచోటికి వెళ్ళి, ఆ ఇంటిని పాడుపెట్టి, గడువు తీరాక శాంతి చేయించి, పాలు పొంగించి మళ్ళీ చేరతారు. కొందరు మనిషి పోయిన గది వరకే మూస్తారు. ఇప్పుడు అపార్టుమెంట్లలో కూడా మూస్తున్నారు. నమ్మకం సంగతి నేను మాట్లాడను. నమ్మనివాళ్ళు కూడా చుట్టాల మాట కాదనలేక మూయడం చూశాను.

అలాంటి ఇంటికి తాళం వేయడానికి వెళ్ళినప్పుడు గబగబా పని చేసి వచ్చేయాలని ఉంటుంది. తొందరపడకూడదు. ఆ ఇల్లు నెలల తరబడి ఖాళీగా ఉంటుందని ఊరంతటికీ తెలుసు. వంటింటి కిటికీ, దొడ్డి గడియ, మేడమీది తలుపు అన్నీ చూడాలి. ఏడుస్తున్న మనుషులు ఇవేవీ చూడరు. వాళ్ళ తరఫున చూడడమే మన ఉద్యోగం.

మా ఆవిడ పోయినప్పుడు మా ఇంట్లోనూ ఈ మాట వచ్చింది. నక్షత్రం గురించి పంతుళ్ళలోనే రెండు మాటలున్నాయి. నేను ఇల్లు మూయలేదు. ధైర్యంతో కాదు, వెళ్ళడానికి ఇంకో చోటు ఊహించుకోలేక. అయితే ఆవిడ బీరువా ఇప్పటిదాకా తెరవలేదు. చెవి నా దగ్గరే ఉంది, తాళం బాగానే ఉంది. ఇందులో చెప్పుకోవాల్సింది ఏమీ లేదు. మూసినదాన్ని తెరవకపోవడానికి మనిషికి చాలా కారణాలుంటాయని, అన్నీ చెడ్డవి కావని చెప్పడానికే ఇది రాశాను. ఆ మాట అనసూయమ్మ గారి మరిది శేషగిరి విషయంలో గుర్తుపెట్టుకోవాలి.

అనసూయమ్మ గారి తలుపు

శేషగిరి మా షాపుకి ఒక మాఘమాసపు ఉదయం వచ్చాడు. నలభై దాటిన మనిషి, గడ్డం పెరిగి ఉంది. వాళ్ళ అన్నయ్య సాంబశివరావు గారు ఇంట్లోనే గుండె ఆగి పోయారు. ఆరు నెలలు ఇల్లు మూయాలన్నారు. "ఎవడూ తీయలేని తాళం కావాలండీ" అన్నాడు.

"ఆ ఇంట్లో ఎవరుంటున్నారు?" అని అడిగారు ఓనరు గారు.

"మా వదిన. పిల్లల్లేరు. ఆవిడ పామర్రులో వాళ్ళక్క దగ్గరుంటుందిలెండి."

ఓనరు గారు తాళమిచ్చి, తలుపు చూసి బిగించి రమ్మని నన్ను పంపారు.

పెంకుటిల్లు. ముందు వెడల్పాటి వసారా. పక్క ఇల్లే శేషగిరిది, మధ్య ఒకే గోడ. అనసూయమ్మ గారు మంగళగిరి నుంచి నేతచీరలు తెచ్చి ఆ ఇంటి ముందుగదిలోనే అమ్మేది. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు అక్కడికే వచ్చి కొనేవాళ్ళు. కాబట్టి ఆ తలుపు ఆవిడకి ఇంటి తలుపూ, కొట్టు తలుపూ కూడా. నేను అడ్డంగా జరిపి తాళం వేసే ఆల్డ్రాప్ గడియ బిగించి, బోల్టులకి లోపలివైపు నట్లు వేసి, సంచీలోంచి తాళం తీస్తుంటే ఆవిడ వచ్చి నిలబడింది.

"తాళం వెయ్యి బాబూ. చెవి మాత్రం నా చేతికియ్యి."

"అదేంటి వదినా" అన్నాడు శేషగిరి. "నువ్వుండేది పామర్రులో. ఇక్కడ ఏ కరెంటు తీగో అంటుకుంటే నీకోసం బస్టాండుకి పరిగెత్తమంటావా?"

"నువ్వు పక్కనే ఉంటావుగా, నీళ్ళు పొయ్యి. లోపలికెందుకు?"

"లోపల అంటుకుంటే బయట నీళ్ళు పొయ్యమంటుందేంటి ఈవిడ!"

వాదన ఇద్దరిదీ సబబుగానే ఉంది. కానీ అక్కడున్నవాళ్ళందరికీ అసలు సంగతి తెలుసు. ఇల్లు తాతలనాటిది, పంపకాలు నోటిమాట మీద జరిగినవి. పిల్లల్లేని ఆడమనిషి ఆరు నెలలు ఊరు విడిచిపెట్టాక, తాళం మరిది చేతిలో ఉంటే, తిరిగి రావడం అతని దయ. "ఆవిడొక్కత్తీ ఇంతింటిని ఏం చేసుకుంటుంది" అని శేషగిరి టీకొట్టు దగ్గర అన్నాడని ఆవిడ చెవిన అప్పటికే పడింది.

నేను ఓనరు గారికి ఫోను చేశాను. ఆయన చెప్పారు: "రెండు తాళాలెయ్యి. పైన గొళ్ళేనికి ఆవిడ తాళం, కింద గడియకి ఆయన తాళం. బ్యాంకు లాకరు పద్ధతే. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఒకళ్ళనొకళ్ళు అనుమానించే పనుండదు."

ఊరి పెద్దమనిషి ఒకాయన "భేష్, ధర్మంగా ఉంది" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. అనసూయమ్మ గారు మాత్రం ఆ రెండు తాళాల వంకా చాలాసేపు చూసింది. "సరే" అంది. ఆ మాటలో ఒప్పుకోలు లేదు.

ఇద్దరికీ చెప్పాను, నూనె పోయొద్దని.

ముహూర్తం

ఆరు నెలలు గడిచాక శ్రావణమాసంలో ప్రవేశానికి రోజు పెట్టారు. వానలకి తాళం బిగుసుకుందేమోనని భయపడి అనసూయమ్మ గారు నన్ను కూడా రమ్మంది. నేను వెళ్ళేసరికి ఆవిడ, పామర్రు అక్కగారు, పంతులు గారు వసారాలో ఉన్నారు. కొత్త పాలగిన్నె, పిడకలు, పసుపు కుంకుమలు, పక్కన చీరల మూట. ఆ ఆరు నెలల్లో మంగళగిరి వెళ్ళి తెచ్చుకున్న సరుకు.

పై తాళం చెవి పెట్టగానే తిరిగింది. కింది తాళం తీయవలసిన శేషగిరి లేడు.

అతని భార్య పద్మ వాళ్ళ గుమ్మంలో నిలబడి ఉంది. "ఎక్కడికెళ్ళారో చెప్పలేదక్కా. ఫోను ఎత్తడం లేదు" అంది, నేల చూస్తూ.

"తాళం చెవి?"

"ఆయన దగ్గరే ఉంది."

"వీడి దుంప తెగ. ఇవాళ ముహూర్తమని వీడికి తెలీదా? కబురు నేనే చేశా" అంది పామర్రు అక్కగారు.

పంతులు గారు గడియారం చూసుకుంటున్నాడు. ఇది దాటితే మంచిరోజు ఇప్పట్లో లేదన్నాడు. శ్రావణం వెళ్తే భాద్రపదం, ఆ నెలలో గృహప్రవేశం చేయరు. ఆ తర్వాత మళ్ళీ ఏదో ఒకటి. ఆరు నెలలు తొమ్మిదవుతాయి, తొమ్మిది ఏడాదవుతుంది. ఏడాదిపాటు ఇంట్లో లేని మనిషి ఇల్లు ఆమెదని ఎవరు గట్టిగా అంటారు?

రెండు తాళాల్లో ఉన్న లోపం నాకు అప్పుడు కనబడింది. బ్యాంకు లాకరు తెరుచుకోవడం బ్యాంకుకీ కావాలి, ఖాతాదారుకీ కావాలి. ఇక్కడ తలుపు తెరుచుకోవలసిన అవసరం ఒక్కళ్ళదే. రెండోవాళ్ళు ఏమీ చేయనక్కర్లేదు, రాకుండా ఉంటే చాలు. అవసరం ఒకరిదైనప్పుడు ఇద్దరికీ సమానంగా తాళం ఇవ్వడం న్యాయంలాగే కనబడుతుంది కానీ న్యాయం కాదు.

"అమ్మా, నేను తీయగలను. మీరుండే ఇల్లు, మీరడిగితే తప్పు లేదు" అన్నాను.

"పగలగొట్టి లోపలికి వెళ్ళకూడదమ్మా, అశుభం" అన్నాడు పంతులు గారు.

"పగలగొట్టక్కర్లేదండీ, చెవి లేకుండా తీస్తాను."

అనసూయమ్మ గారు వద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపింది. "వద్దు. ఇవాళ నువ్వు తీస్తే, లేనప్పుడు చూసి దూరిందని రేపు చెప్పుకుంటాడు. నేను దూరడానికి రాలేదు బాబూ. ఇంటికొచ్చా."

ఆవిడ పైకి చూసింది. "పంతులు గారూ, ఈ వసారా ఇంట్లోదా, బయటదా?"

ఆయన కూడా పైకి చూశాడు. ఇంటి కప్పే వసారా మీదికి వాలి ఉంది, దూలాలు అవే. "గడప దాటలేదు కానీ... కప్పు ఒక్కటేగా అమ్మా. కప్పు కిందే ఉన్నాం" అన్నాడు.

"అయితే కానీయండి."

మూడు ఇటుకలు పెట్టి, పిడకలు అంటించి, తాళం పడి ఉన్న తలుపు ముందు పాలు పొంగించారు. మంత్రాలన్నీ చదివారు. వాన మొదలైంది. ముహూర్తం లోపలే అయింది.

పంతులు గారు వెళ్ళిపోయాక ఆవిడ చీరల మూట విప్పి, వసారాలో చాప మీద పరిచింది. గొడవ చూడడానికి వచ్చిన ఆడవాళ్ళు అలాగే కూర్చున్నారు.

"అనసూయక్కా, ఈ జల్లుకి చీరలు తడవ్వూ?" అందొకావిడ.

"తడిస్తే రంగు పోదని నీకే తెలుస్తుంది. కొను."

నేను మధ్యాహ్నం బస్సుకి బయల్దేరాను. షాపుకి వచ్చి జరిగింది చెప్తే కోటేశ్వరరావు గారు చేతిలో ఉన్న తాళాన్ని కౌంటరు మీద పెట్టేశారు. "మనం ఆవిడకి తాళం వెయ్యలేదయ్యా మూర్తీ. అడ్డం కట్టాం" అన్నారు. ఆ తర్వాత ఆయన ఏ ఉమ్మడి ఇంటికీ ఆ సలహా ఇవ్వలేదు.

శేషగిరి తాళం

ఆవిడ ఆ వసారాలోనే కాపురం పెట్టింది. పామర్రు అక్కగారు తోడుంది. పద్మ మొదటిరోజు గుమ్మం దాటలేదు. రెండోరోజు మజ్జిగ తెచ్చింది. ఆ తర్వాత, భర్త గుడివాడలో ఏ స్నేహితుడింట్లో ఉన్నాడో ఆమెకి మొదటినుంచీ తెలుసు గనక, ఆ స్నేహితుడికి ఫోను చేసి భర్తని ఫోన్లోకి పిలిపించింది. ఈ మాటలు పామర్రు అక్కగారు దగ్గరుండి విని నాకు చెప్పినవి:

"మీ వదిన వసారాలో పడుకుంటోంది. జల్లు కొడుతోంది. మీరు రాకపోతే ఇవాళ్టి నుంచి నేనూ అక్కడే పడుకుంటా. మన తలుపుకీ తాళమేసి, ఆ చెవి కూడా మీకే పంపిస్తా, రెండూ పెట్టుకుని కూర్చోండి."

శేషగిరి వచ్చాడు. వచ్చినరోజే నాకు ఫోను చేశాడు. చెవి తిరగడం లేదని.

వెళ్ళి చూశాను. తాళం నిండా నూనె, దుమ్ము పట్టి నల్లటి ముద్ద అయింది. "నూనె పోయొద్దన్నాను కదండీ" అన్నాను.

"వారం వారం పోశానండీ, తుప్పు పట్టకూడదని. రోజూ పొద్దున్నే వచ్చి ఒకసారి లాగి చూసుకునేవాణ్ణి."

"పై తాళానికి పోయలేదే?"

"అది వదినది. ముట్టుకుంటే మళ్ళీ మాటొస్తుంది."

చుట్టూ జనం ఉన్నారు. ఎవరో "కోసి పారేయండి, ఇంకెంతసేపు" అన్నారు. శేషగిరి నా చెయ్యి పట్టుకున్నాడు. "కొయ్యొద్దండీ. పగలగొట్టిన తలుపులోంచి ఆవిడ వెళ్ళకూడదు. ఎంతసేపైనా సరే, చెవితోనే తీయండి."

ముహూర్తం నాడు కనబడకుండా పోయిన మనిషి ఇతనే. తాళాన్ని కిరసనాయిలుతో కడిగి, ఊది, చెవిని కొంచెం కొంచెంగా కదుపుతూ కూర్చున్నాను. పద్మ గొడుగు పట్టుకుంది. చివరికి తిరిగింది.

తలుపు తోశాక ముక్కిన వాసన గాలి వచ్చింది. తలుపు వెనక ఒక జత మగవాళ్ళ చెప్పులున్నాయి. బూజు పట్టి తెల్లగా అయ్యాయి. ఆరు నెలల కింద వాటిని తీయడం అందరూ మర్చిపోయారు. శేషగిరి గడప మీద కాలు పెట్టబోయి, అవి చూసి, వెనక్కి తీశాడు. "అన్నయ్యవి" అన్నాడు. వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయాడు. అనసూయమ్మ గారు ఒక్కతే లోపలికి వెళ్ళింది. కాసేపటికి చీపురు చప్పుడు వినబడింది.

అతనికి ఆ ఇంటి మీద ఆశ లేదని నేను చెప్పను. ఉంది. అది తెరుచుకుంటే అన్న లేడన్న సంగతి కళ్ళతో చూడాల్సి వస్తుందన్న భయమూ ఉంది. ఏది ఎంతో అతనికే తెలియదనుకుంటాను. మీరు ఈ పనిలో ఉన్నన్నాళ్ళూ ఇలాంటి మనుషులే ఎదురవుతారు. వాళ్ళని దొంగలనుకుంటే పొరపాటు. పాపం అనుకుని చెవి వాళ్ళ చేతికిచ్చినా పొరపాటే.

ఇల్లు ఊడ్చాక అనసూయమ్మ గారు బయటికి వచ్చి, "ఆ రెండూ తీసేసి ఒక్క తాళం వెయ్యి బాబూ" అంది. నా సంచీలో ఇత్తడి లీవరు తాళం ఉంది. బిగించాను.

"చెవులెన్ని?"

"మూడమ్మా."

ఒకటి తన బొడ్డున దోపుకుంది. ఒకటి పామర్రు అక్కగారికిచ్చింది. మూడోది చేతిలో పెట్టుకుని నిలబడింది. శేషగిరి లేచాడు. చెయ్యి చాపలేదు గానీ, చాపబోయే మనిషిలాగే నిలబడ్డాడు.

"నీకు కాదు నాయనా" అంది ఆవిడ. కోపంగా అనలేదు. "పద్మా, ఇలా రా."

పద్మ దగ్గరికొచ్చింది.

"నన్నడక్కుండా ఎప్పుడూ తలుపు తీయకు. నువ్వు పిలిస్తే నేను పలక్కపోతే మాత్రం, ఎవర్నీ అడక్కుండా తీయి."

పద్మ చెవి తీసుకుంది. మొగుడి వైపు చూడలేదు. కొంగు చివర ముడి వేసుకుని, వసారాలో మిగిలిపోయిన పాలగిన్నె లోపల పెట్టడానికి వెళ్ళింది.